పొద్దుటి వంతు

నాకు అనుమానం ఎక్కువ. మా అత్తగారింట్లో నా గురించి ఎవరికైనా చెప్పాల్సి వస్తే మొదట చెప్పేది ఇదే, నేనూ కాదనను. చెడిపోయిన కరెంటు బోర్డులు బాగుచేసి బతుకుతున్నదాన్ని, అనుమానం లేకపోతే నా పని ఒక్కరోజు సాగదు. ప్రతి తీగనూ ప్రతి అతుకునూ నువ్వేనా, నువ్వేనా అని అడుగుతూ పోవాలి. చిక్కేమిటంటే ఈ అలవాటు దుకాణంలో బల్ల దగ్గరే ఆగదు. కూరగాయలు తూచేటప్పుడు తరాజు కిందికి వంగి చూస్తాను. పక్కింటామె ఊరికే చాయ్ తాగిపొమ్మంటే, ఏం అడగబోతోందా అని చాయ్ చల్లారేదాకా ఆలోచిస్తాను.

ఈ పని నేర్పింది మా బాపు. శ్రీరాంపూర్‌లో బొగ్గుబాయి నుంచి వచ్చి, స్నానం చేసి, కాలనీవాళ్ల టీవీలూ రేడియోలూ ముందేసుకుని కూర్చునేవాడు. ఏది తెచ్చినా విప్పేముందు దాని వీపు మీద చెయ్యి పెట్టి చూసేవాడు, జ్వరమొచ్చిన పిల్లల నొసలు చూసినట్టు. తర్వాత తెచ్చినవాళ్లను అడగడం మొదలుపెట్టేవాడు. ఎప్పుడు ఆగింది, అప్పుడు ఇంట్లో ఎవరున్నారు, ముందు ఎవరు ముట్టుకున్నారు. "సామాను అబద్ధం చెప్పది బిడ్డా, తెచ్చినోడు చెప్తడు" అనేవాడు. నేను ఆయన చెయ్యి సంగతి మరిచిపోయి ఈ మాటను మాత్రం గట్టిగా పట్టుకున్నాను.

పెళ్లయి ఇచ్చోడ వచ్చాక రోడ్డు పక్కన రేకుల దుకాణం పెట్టుకున్నాను. ఇప్పుడు టీవీలు ఎవరూ తేవడం లేదు. ఎక్కువగా వచ్చేవి ఇన్వర్టర్లు, బోరు మోటార్ల స్టార్టర్లు. కొత్తలో దుకాణం ముందు బండి ఆపి, లోపల నన్ను చూసి, "ఆడామె ఏం బాగుజేస్తది" అని గొణుక్కుంటూ వెనక్కి పోయినవాళ్లున్నారు. వాళ్ల ముఖాలన్నీ నాకు గుర్తే. తర్వాత వాళ్లలో కొందరు వేరే దారిలేక నా దగ్గరికే వస్తే, రేపు రా, ఎల్లుండి రా అని రెండు రోజులు తిప్పించుకున్నాను కూడా. అది తప్పని ఇప్పటికీ అనిపించదు.

ఆ ఏడు చలి ముందే దిగింది. పొద్దున్నే షట్టర్ ఎత్తితే ఇనుము అరచేతికి అంటుకుపోయేంత చల్లగా ఉండేది. అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఒక పెద్దాయన వచ్చాడు. తువ్వాలలో చుట్టిన స్టార్టర్ బోర్డును బల్ల మీద పెట్టి, కట్టు విప్పకుండా దాని మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"బోర్డు ఖరాబైందో, మనిషి ఖరాబైండో నువ్వే చెప్పాలె బిడ్డా" అన్నాడు.

నా చెవులు నిక్కపొడుచుకున్నాయి. స్టూలు జరిపి కూర్చోమన్నాను.

ఆయనకు ఒక తమ్ముడున్నాడు. ఇద్దరికీ పక్కపక్కనే చేలు, ఇద్దరికీ కలిపి ఒకటే బోరు. తండ్రి భూమి పంచి పోయేటప్పుడు నీళ్లకు వంతులు పెట్టాడు. పొద్దున ఐదు నుంచి మధ్యాహ్నం పన్నెండు దాకా అన్న వంతు, అక్కణ్నుంచి పొద్దుగూకేదాకా తమ్ముని వంతు. చీకట్లో చేనుకు నడిచే బాధ లేకుండా అన్నదమ్ములిద్దరూ కలిసి ఈ ఆటో స్టార్టర్ పెట్టించుకున్నారు. టైము కాగానే మోటారు దానంతట అదే నడవాలి. అలా ఎన్నో ఏళ్లు నడిచింది. ఈ చలికాలమే ఆగింది, అదీ అన్న వంతులోనే.

"నేను ఎనిమిదింటికి పోతె మోటరు సప్పుడుండది. పచ్చ బటన్ నొక్కినా ఉలుకు లేదు, పలుకు లేదు. పది దాటినంక సక్కగ నడుస్తది. మా తమ్ముని వంతుకు ఒక్క రోజన్న ఆగలే. నా మక్కజొన్న పీచు మీదున్నది. ఇప్పుడు నీళ్లందకుంటె కంకుల్ల గింజ పడది."

"రోజూ ఇంతేనా?" అన్నాను.

ఆయన ముందుకు వంగి గొంతు తగ్గించాడు. దుకాణంలో మేమిద్దరమే ఉన్నాం, అయినా తగ్గించాడు. "అదే చెప్తున్న. నాకు అనుమానమొచ్చి, మూడు రోజులు చీకట్లనే పోయి స్టార్టర్ కాడ కావలి కూసున్న. మూడు రోజులు ఐదింటికి టంచనుగ నడిచింది. నాలుగో రోజు పోలే, నడవలే. మల్ల పోయి కూసున్న, నడిచింది. నేనుంటె నడుస్తది, లేకుంటె నడవది. ఇగ చెప్పు."

ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? మనిషి కావలి ఉంటే పనిచేసి, లేకపోతే పనిచేయని యంత్రం లోకంలో ఉండదు. కావలి లేనప్పుడు ఎవడో వచ్చి ఏదో చేసిపోతున్నాడన్న మాట. బోర్డు విప్పకముందే నాకు సగం తేలిపోయింది. ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

విప్పి చూశాను. మర చీలల మీద కొత్త గీతలు కనిపించాయి. ఎవరో ఈ మధ్యనే విప్పారు. అది చూసి నాకు ఇంకా హుషారొచ్చింది. మీటరు పెట్టి అతుకులన్నీ చూశాను, కరెంటు ఇచ్చి చూశాను. ఈ బోర్డులో రిలే అని అగ్గిపెట్టెకన్నా చిన్న డబ్బీ ఒకటుంటుంది. అది టక్కుమని పట్టుకుంటేనే మోటారుకు కరెంటు పోతుంది. ఇరవైసార్లు ఇచ్చి చూస్తే ఇరవైసార్లూ పట్టుకుంది. ఆ రోజంతా బల్ల మీదే నడవనిచ్చాను. పైన ఎండకు కాగుతున్న రేకులు, పక్కన వేడిగా సోల్డరింగ్ ఐరన్. ఆ వెచ్చదనంలో బోర్డు పెళ్లికొడుకులా నిక్షేపంగా ఉంది.

మరునాడు పెద్దాయన వస్తే చెప్పాను. "బోర్డుల ఏం లేదు బాపూ. మంచిగున్నది. మర చీలలు మాత్రం ఎవరో విప్పిండ్రు. చెయ్యి పెట్టేటోళ్లెవరో నువ్వే చూసుకోవాలె."

ఆయన తువ్వాలలో బోర్డు చుట్టుకుని, ముడి వేసి, ఆ ముడిని రెండుసార్లు లాగి చూసుకుని వెళ్లిపోయాడు. దొంగను పట్టిచ్చినంత తృప్తిగా నేను ఆ సాయంత్రం ఇంటికి పోయాను.

ఎనిమిది రోజుల తర్వాత, అంగడి రోజున, ఒకతను సంచి పట్టుకుని వచ్చి దుకాణం ముందు ఎండలో నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. ముఖం చూస్తే పెద్దాయన పోలికే, పదేళ్లు చిన్నవాడు. ఎవరో నాకు తెలిసిపోయింది. తప్పు చేసినవాడే ముందు వచ్చి నిలబడతాడు అని మనసులో అనుకున్నాను.

"అక్కా, బోర్డు మంచిగున్నది, ఎవరో చెయ్యి పెడుతుండ్రు అన్నవట. మా అన్న నీ మాటే పట్టుకున్నడు. పెద్దమనుషులను కూడ పిలిచిండు."

"నేను చూసింది చెప్పిన" అన్నాను బిగుసుకుని.

"చెప్పినవు. నేను కాదంటలేను. సోమవారం నన్ను వేములవాడకు రమ్మన్నడు. గుడి గుండంల మునిగి, తడిబట్టల మీద రాజన్న ముందర ప్రమాణం జెయ్యాలెనట."

"చెయ్యనోడివైతే ప్రమాణానికి భయమెందుకు?"

నా నోటి నుంచి ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో! అతను మాత్రం కోపగించుకోలేదు. "భయం గాదక్కా. మా ఇండ్లల్ల ఒక పద్ధతున్నది. ఇంటోన్ని ప్రమాణం మీద నిలవెట్టినోడు మల్ల ఆ ఇంట్ల నీళ్లు తాగడు. వీళ్లు ఇయ్యరు, వాడు అడగడు. మా నాయన, మా పెద్దనాయన అట్లనే పోయిండ్రు. నా పిల్లలు వాళ్ల పెద్దబాపు చెయ్యి పట్టుకునే నడక నేర్చిండ్రు. ప్రమాణమైతె ఇద్దరి మధ్య మాట ఉండది. అందుకే వచ్చిన. ఆ బోర్డు ఇంకొకపాలి చూస్తవా?"

చూసింది చూశాను, మళ్లీ చూసేదేం లేదన్నాను. అతను తల ఊపాడు. వెళ్లబోతూ, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"సరే గని, ఒక్క మాట మా అన్నకు నువ్వన్న చెప్పు. నేను చెప్తె ఇనడు. చీకట్ల కావలి కూసున్న రోజల్ల పత్తికట్టె ఏరుకొచ్చి ఆ స్టార్టర్ డబ్బా పక్కన్నే మంట ఏసుకుంటుండు. గాలి తగలదని దాని సాటుకు కూసుంటడు. తీగల మీది ప్లాస్టిక్ నల్లగైంది. ఎన్నడన్న అంటుకుంటది. ముసలి పానం, ఒక్కడే ఉంటడు."

నా చేతిలో ఉన్న మర చీల కింద పడింది. వంగి వెతుకుతున్నట్టు బల్ల కిందే కాసేపు ఉండిపోయాను.

కావలి ఉన్న రోజు మంట ఉంది. కావలి లేని రోజు మంట లేదు. ఎనిమిదింటికి నడవని మోటారు పది దాటి, రేకు డబ్బా మీద ఎండ పడ్డాక నడుస్తోంది. తమ్ముని వంతు నడి మధ్యాహ్నం. ఇక నా పరీక్షంతా కాగే రేకుల కింద. మా బాపు ప్రతి సామాను మీద చెయ్యి ఎందుకు పెట్టేవాడో నాకు అప్పుడు గుర్తొచ్చింది. చలికాలం పొద్దున్నే బొమ్మ రాని టీవీలను ఆయన విప్పేవాడే కాదు, "జర కాగనియ్యి" అని పక్కన పెట్టేవాడు. నేను చిన్నప్పుడే చూసిన సంగతి. వేడికి మాడిపోయిన సామాను నా చేతిలో లెక్కలేనంత బాగైంది, చలికి ముడుచుకుపోయేది ఒకటి ఉంటుందని మాత్రం తట్టలేదు.

నేను లేచేసరికి అతను ఇంకా నన్నే చూస్తున్నాడు. "చెప్తలే" అన్నాను. అతను వెళ్లిపోయాడు.

ఇక్కడిదాకా జరిగింది పొరపాటు. ఎవరికైనా జరుగుతుంది. తర్వాత నేను చేసింది పొరపాటు కాదు. పెద్దాయన ఫోన్ నంబరు నా దగ్గర ఉంది, గోడ మీద పెన్సిల్‌తో రాసి పెట్టుకున్నాను. ఫోన్ చేసి, "ఆగు బాపూ, నేను ఒకసారి పొద్దున వచ్చి చూస్తా" అంటే సరిపోయేది. చేయలేదు. ముందు నిజమో కాదో తేల్చుకుందాం అనుకున్నాను. చేతిలో బోర్డు లేకుండా ఎట్లా తేల్చుకుంటాను? అది సాకు. అసలు సంగతి వేరు. ఆడామె ఏం బాగుజేస్తది అన్నవాళ్లంతా నా కళ్ల ముందుకొచ్చి వరుసగా నిలబడ్డారు. పెద్దమనుషుల దాకా పోయిన మాటను నేనే వెనక్కి తీసుకుంటే, రేపటి నుంచి ఈ చుట్టుపక్కల స్టార్టర్లన్నీ బస్టాండు పక్క దుకాణానికి పోతాయి. శుక్రవారం గోడ మీది నంబరు చూశాను. శనివారం చూశాను. ఆదివారం దుకాణమే తెరవలేదు.

సోమవారం సాయంత్రం చేశాను. అవతల బస్సు హోరు, పక్కన ఎవరో చంటిపిల్ల ఏడుపు. పొద్దున్నే చేనుకొచ్చి స్టార్టర్ చూస్తానన్నాను. "రా బిడ్డా, నేనుంట" అన్నాడు. ఎక్కడి నుంచి వస్తున్నావని నేను అడగలేదు. నాకు తెలుసు.

మంగళవారం తెల్లవారేసరికి స్వెట్టరు మీద శాలువా కప్పుకుని, స్కూటీ మీద బయల్దేరాను. వేళ్లు బ్రేకు మీద వంగడం లేదు. చేను గట్టు దగ్గర పెద్దాయన గొంగడి కప్పుకుని నిలబడి ఉన్నాడు. మక్క ఆకులు అంచులు ముడుచుకుని ఉన్నాయి. నన్ను చూసి, గొంగడి లోపలి నుంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. లడ్డు ముక్క, కొబ్బరి.

"రాజన్న ప్రసాదం. నిన్న పోయొచ్చినం."

రెండు చేతులూ పట్టి తీసుకున్నాను. "ప్రమాణం జేసిండా?"

"చేసిండు. గజగజ వణుక్కుంట జేసిండు" అన్నాడు. ఖాళీ కాగితం మడుస్తూ, "సలికి వణికిండో, అబద్ధానికి వణికిండో" అన్నాడు. దేవుని ముందు నిలబెట్టినా ఆయన అనుమానం తీరలేదు. అది అట్లా తీరేది కాదని నాకన్నా ఎవరికి తెలుసు?

మంట వేయబోతుంటే వద్దన్నాను. స్టార్టర్ డబ్బా మీద చెయ్యి పెట్టాను, మా బాపు పెట్టినట్టు. బిందెలో రాత్రి నుంచి నిలిచిన నీళ్లలా చల్లగా ఉంది. బయటి రేకు మీద మంచు నీరై కారుతోంది. ఐదు ఎప్పుడో దాటింది, మోటారు నడవడం లేదు. పచ్చ బటన్ నొక్కి, డబ్బాకు చెవి ఆనించాను. లోపల చాలా సన్నగా టిక్, టిక్, టిక్ అని కొట్టుకుంటోంది. రిలే పట్టుకోవాలని చూస్తోంది, బలం చాలక వదిలేస్తోంది. ఆయన చెవులకు ఆ చప్పుడు ఎన్నడూ అందలేదు.

"బాపూ, నువ్వు ఇక్కడనే ఉన్నవు గదా?"

"ఉన్న."

"నువ్వుంటె నడుస్తదంటివి. నడుస్తలేదు, చూడు."

ఆయన బటన్ తనే నొక్కాడు. రెండోసారి నొక్కాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"ఇప్పుడు మంట ఎయ్యి. రోజు ఏసే కాడనే."

పత్తికట్టె చిటపటమంటూ అంటుకుంది. ఇద్దరం చెరో వైపు కూర్చున్నాం. రేకు మీది నీళ్లు ఆరిపోయాయి, తర్వాత డబ్బా వెచ్చబడింది. చుట్ట కాల్చినంత సేపు కూడా కాలేదు. లోపల టక్కుమన్న చప్పుడు ఈసారి ఆయనకూ వినబడింది. మోటారు మూలిగి అందుకుంది, పైపు రెండుసార్లు దగ్గి నీళ్లు కక్కింది.

నేను బోర్డు తీసి, చిటికెన వేలు కొనంత ఉన్న పాత కండెన్సర్ ఒకటి చూపించాను. ముసలిదైంది, చలికి దాని లోపలి రసం బిగుసుకుపోయి కరెంటును నిలుపుకోలేకపోతోంది, కాస్త కాగితే మళ్లీ మామూలవుతుంది అని చెప్పాను. అక్కడే బ్యాటరీ సోల్డరింగ్ ఐరన్‌తో కొత్తది అతికించాను. మర చీలలు బిగిస్తూ, "మరి వీటిని విప్పిందెవరు?" అన్నాను, ఆఖరి ఆశ ఏదైనా మిగిలిందేమోనని.

"నేనే బిడ్డా. బల్లి గిట్ల దూరిందేమో అని కత్తి పెట్టి తీసిన."

బోర్డు తెచ్చిన రోజు నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. అడగడమే నా పని, ఆ ఒక్కటి మాత్రం అడగలేదు.

ఆయన మంట ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు లేవలేదు. నీళ్లు కాలువ దాటి సాళ్లలోకి పోతున్నా చూడలేదు. "వాన్ని తడిబట్టల మీద నిలవెట్టిన" అన్నాడు. మళ్లీ అదే మాట అన్నాడు. తర్వాత లేచి, "నడువు. నువ్వే చెప్పు వానికి. నా నోట్లకెల్లి రాదు" అన్నాడు.

తమ్ముడి ఇల్లు ఊరి మొదట్లోనే ఉంది. నేను లోపలికి పోయాను. పెద్దాయన గడప బయట ఆగిపోయాడు. వాకిట్లో ఆడుకుంటున్న పిల్ల "పెద్దబాపూ" అని పరుగెత్తబోతే తల్లి చెయ్యి పట్టి లోపలికి తీసుకుపోయింది. తమ్ముడు నాకు కుర్చీ వేశాడు. నేను అంతా చెప్పాను, చలి, కండెన్సర్, మంట, నేను రేకుల కింద చేసిన పరీక్ష. అతని భార్య నీళ్లు తెచ్చింది. ఒక్కటే గ్లాసు. నా చేతికిచ్చి లోపలికి పోయింది. గడప బయట ఉన్న మనిషి ఆ గ్లాసు వంక చూసి తల దించుకున్నాడు.

"తప్పు నాది. మీ అన్నది గాదు" అన్నాను. "నేను చెప్పిన మాట మీదనే ఆయన…"

"సరే అక్కా" అన్నాడు తమ్ముడు. గొంతులో కోపం లేదు. "సలికి బోర్డు పట్టలే. అది సామాను, దానికేం తెలుసు? నువ్వు మొదలు చెప్పింది గూడ తెల్వకనే చెప్పినవు. దానికి నేనేమనను. కని ఆ రోజు దుకాణంల నేను మంట సంగతి చెప్పంగనే నీ మొఖం మారింది. నీకు సమజైందనుకున్న. అన్నకు ఫోను జేస్తవని ఆదివారం పొద్దుగూకేదాక చూసిన."

నా చేతిలోని గ్లాసు అట్లాగే ఉంది, తాగలేదు, కింద పెట్టలేదు. గడప బయట పెద్దాయన తలెత్తి నా వైపు చూశాడు. ఆ చూపు నాకు కొత్త కాదు. బోర్డు తెచ్చి బల్ల మీద పెట్టిన ప్రతి మనిషినీ నేను చూసే చూపు అది.